నల్లకోటు ఎవరి కోసం?

ఇంట్లో అబ్బాయో అమ్మాయో లా చదువుతానంటే పెద్దల నోట సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. "అబద్ధాలతో బతికే వృత్తి మనకెందుకు?" అన్నది మొదటిది. "ఇంట్లో ఒక వకీలు ఉండడం మంచిదేలే, పొలం తగాదాకో ఇంటి తగాదాకో పనికొస్తాడు" అన్నది రెండవది. పైకి ఇవి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా, రెండింటి వెనుకా ఉన్న భావన ఒకటే. న్యాయవిద్య అన్నది నేర్చినవాని సొంత సొత్తు, మహా అయితే అతని కుటుంబం సొత్తు. ఆ విద్య మీద వీధిలోని వితంతువుకు, లాకప్పులో ఉన్న నిరుపేదకు, జీతం ఎగవేయబడిన కూలీకి కూడా ఒక హక్కు ఉన్నదన్న తలంపు మన సంభాషణలలో అరుదుగానే వినవస్తుంది.

ఆ హక్కును గుర్తించి, దాని చుట్టూ ఒక విద్యాలయాన్నే పునర్నిర్మించిన ఒక న్యాయ కళాశాల అధిపతిని ఈ నెల పాఠకులకు పరిచయం చేయదలచాము. ఆయన పేరు ఛార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్. దేశం అమెరికా. కాలం ఇరవయ్యో శతాబ్దపు తొలి సగం. ఆయన సాధించిన విజయాలతోపాటు, వాటి కోసం చెల్లించిన మూల్యాన్ని కూడా మనం చూడాలి. ఎందుకంటే మనకు పాఠం ఉన్నది ఆ మూల్యంలోనే.

గుమాస్తా ఇంటి బిడ్డ

హ్యూస్టన్ 1895లో వాషింగ్టన్ నగరంలో జన్మించారు. బానిసత్వం చట్టరీత్యా రద్దయి అప్పటికి మూడు దశాబ్దాలు. అయితే మరుసటి సంవత్సరమే, 1896లో, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. సదుపాయాలు సమానంగా ఉన్నంతవరకు నల్లజాతివారిని వేరుగా ఉంచడం తప్పు కాదన్నది దాని సారాంశం. ఆ తీర్పులోని "వేరుగా" అన్న మాట అక్షరాలా అమలైంది. "సమానంగా" అన్న మాట కాగితం మీదే మిగిలిపోయింది. రైలు పెట్టెలు, ఆసుపత్రులు, బడులు అన్నీ వేరయ్యాయి. నల్లజాతి పిల్లల వాటాకు వచ్చినవి చాలాచోట్ల శిథిలమైన గదులు, చాలని ఉపాధ్యాయులు.

హ్యూస్టన్ తండ్రి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పగలంతా కొలువు చేసి, రాత్రి వేళ హోవార్డ్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాలలో చదివి వకీలు అయ్యారు. తల్లి ఉపాధ్యాయ వృత్తిని వదలి, సంపన్న కుటుంబాల స్త్రీలకు కేశాలంకరణ చేసి ఇంటి రాబడిని పెంచారు. ఆ ఇద్దరి కష్టార్జితం ఒక్కగానొక్క కుమారుని చదువుగా మారింది. ఆయన 1915లో ఆమ్‌హెర్స్ట్ కళాశాల నుండి పట్టా పొందారు. తన తరగతిలో ఆయన ఒక్కరే నల్లజాతి విద్యార్థి. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యాధికారిగా ఫ్రాన్సు వెళ్లి, శత్రువు చేతిలో కన్నా స్వదేశపు తెల్ల సైనికుల చేతిలోనే ఎక్కువ అవమానాలు చవిచూశారు. బతికి ఇల్లు చేరితే న్యాయశాస్త్రం చదువుతానని, తిరిగి కొట్టలేనివారి పక్షాన నిలుస్తానని ఆయన అక్కడే నిశ్చయించుకున్నారు. 1919లో హార్వర్డ్ న్యాయ కళాశాలలో చేరారు. ఆ కళాశాల ప్రతిష్ఠాత్మక పత్రిక 'హార్వర్డ్ లా రివ్యూ' సంపాదకవర్గానికి ఎన్నికైన తొలి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1923లో అక్కడే డాక్టరేటు పొందారు.

ఇంతటి యోగ్యతతో ఆయన సుఖంగా, గౌరవంగా బతకవచ్చు. తండ్రితో కలిసి వకాల్తా చేపట్టారు కూడా. కానీ 1929లో హోవార్డ్ న్యాయ కళాశాల వైస్ డీన్ బాధ్యతలు స్వీకరించారు. హోదా వైస్ డీన్‌దే అయినా, కళాశాలను రోజువారీ నడిపించే భారం మొత్తం ఆయన భుజాల మీదే పడింది.

మూసివేసిన తలుపు

హోవార్డ్ విశ్వవిద్యాలయం 1867లో, బానిసత్వం నుండి విముక్తులైన వారి చదువు కోసం వెలసిన సంస్థ. రెండేళ్లకు, 1869లో, అందులో న్యాయ విభాగం మొదలైంది. 1872లో అక్కడ పట్టా పొందిన షార్లట్ రే అమెరికాలో తొలి నల్లజాతి మహిళా న్యాయవాది. అంతటి చరిత్ర ఉన్నప్పటికీ 1920ల నాటికి అది ప్రధానంగా సాయంకాలపు కళాశాల. విద్యార్థులలో అత్యధికులు పగలు ఉద్యోగాలు చేసుకునేవారు. అధ్యాపకులలోనూ చాలామంది తమ వృత్తి ముగించుకొని వచ్చి పాఠం చెప్పి వెళ్లేవారే. ఆ కళాశాలకు జాతీయ న్యాయవాదుల సంఘం గుర్తింపు లేదు.

హ్యూస్టన్ చేసిన మొదటి పెద్ద పని ఆ రాత్రి తరగతులను రద్దు చేయడం. 1930 నాటికి కళాశాల పగటి కళాశాలగా మారింది. ప్రవేశ ప్రమాణాలు కఠినమయ్యాయి. గ్రంథాలయం పెరిగింది. పూర్తికాలపు అధ్యాపకులు వచ్చారు. 1931లో జాతీయ గుర్తింపు లభించింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఏ తలుపు గుండా నడిచి ఒక గుమాస్తా న్యాయవాది అయ్యారో, ఆ తలుపును ఆ గుమాస్తా కుమారుడే మూసివేశారు. పూర్వ విద్యార్థులు నొచ్చుకున్నారు, విమర్శలు వచ్చాయి. పేదవాని కళాశాలను హార్వర్డుకు నకలుగా మారుస్తున్నాడన్నారు. ఆ విమర్శను తేలికగా తోసిపుచ్చలేము. పగలు కార్యాలయంలో దస్త్రాలు మోసి, సాయంత్రం బస్సు పట్టుకొని లా కాలేజీకి వెళ్లిన తరం మన పట్టణాలలోనూ ఉంది. అలాంటివారి ముందు తలుపు మూసుకుంటే ఆ బాధ ఎంతటిదో మనకు వేరుగా చెప్పనక్కర లేదు.

అయితే హ్యూస్టన్ దృష్టి బెంచీ మీద కూర్చున్న విద్యార్థి దగ్గర ఆగలేదు. ఆ విద్యార్థి రేపు ఎవరి పక్షాన నిలబడతాడో ఆ బోనులోని మనిషి దాకా వెళ్లింది. సగం చదువుతో నల్లకోటు వేసుకున్నవాడు పొరపాటు చేస్తే నష్టపోయేది అతడు కాదు. ఎదుటి పక్షంలో ప్రభుత్వపు ధనబలం, ఆరితేరిన వకీళ్లు, ముందే ఒక అభిప్రాయానికి వచ్చిన జ్యూరీ. అలాంటి చోట నిరుపేద కక్షిదారునికి సానుభూతి ఉన్న వకీలు ఉంటే చాలదు. అతనికి అందరికన్నా సమర్థుడైన వకీలు కావాలి. వైద్యుని పొరపాటును మట్టి కప్పేస్తుందని, న్యాయవాది పొరపాటు మాత్రం అందరి కళ్లెదుటే ఉంటుందని ఆయన తరగతిలో హెచ్చరించేవారని శిష్యులు తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు.

పేదలకు చేసే సేవ గనుక ఎలా చేసినా సరిపోతుందన్న అలసత్వం మనలో చాలా లోతుగా పాతుకుపోయింది. ఉచిత వైద్య శిబిరానికి మిగిలిపోయిన మందులు పంపుతాము. పేద పిల్లల ట్యూషన్‌కు తీరిక ఉన్నప్పుడు వెళతాము. దానం ఇచ్చే వస్త్రాన్ని మనం కట్టుకోమని తెలిసే ఇస్తాము. సేవ అన్న పేరుతో నాసిరకాన్ని అంటగట్టడం కూడా ఒక రకమైన అవమానమేనని హ్యూస్టన్ కళాశాల మనకు గుర్తుచేస్తున్నది.

ఇనుప బూట్ల మాస్టారు

ఆ కళాశాల వాతావరణం ఎలా ఉండేది? విద్యార్థులు ఆయనకు చాటుగా పెట్టుకున్న పేర్లు 'ఇనుప బూట్లు', 'సిమెంట్ పంట్లాం'. దాన్ని బట్టే ఊహించుకోవచ్చు. ఆయన సాకులు వినేవారు కాదు. మార్కులలో దయ చూపేవారు కాదు. మొదటి సంవత్సరంలో చేరినవారిలో చివరిదాకా నిలిచి పట్టా అందుకున్నవారు కొద్దిమందే.

కానీ ఆ కాఠిన్యం పుస్తకాల కాఠిన్యం మాత్రమే కాదు. విద్యార్థులను ఆయన న్యాయస్థానాలకు, పోలీసు స్టేషన్లకు, జైళ్లకు వెంటబెట్టుకొని వెళ్లేవారు. చట్టం పుస్తకంలో ఎలా ఉందో, మనిషి మీద పడినప్పుడు ఎలా ఉంటుందో రెండూ చూడాలన్నది ఆయన పద్ధతి. హార్వర్డ్ డీన్ రాస్కో పౌండ్, ప్రఖ్యాత క్రిమినల్ న్యాయవాది క్లారెన్స్ డారో వంటివారిని రప్పించి ఉపన్యాసాలు ఇప్పించారు. తన దగ్గరి బంధువు, హార్వర్డ్ పట్టభద్రుడు విలియం హేస్టీ వంటి ప్రతిభావంతులు అధ్యాపకులుగా చేరారు. న్యాయవాది సమాజాన్ని తీర్చిదిద్దే ఇంజనీరు కావాలని, కాకుంటే ఆ సమాజం మీద బతికే పరాన్నజీవి అవుతాడని, ఈ రెంటికీ నడుమ మూడో స్థితి లేదని ఆయన బోధించారు.

1933లో వర్జీనియా రాష్ట్రంలో జార్జి క్రాఫర్డ్ అనే నల్లజాతీయుడు ఇద్దరు తెల్ల మహిళల హత్య కేసులో బోనెక్కాడు. హ్యూస్టన్ అతని పక్షాన నిలిచారు. ఆయనతో ఉన్న బృందమంతా నల్లజాతి న్యాయవాదులే. దక్షిణాది న్యాయస్థానంలో అది ఆనాడు ఊహకందని దృశ్యం. జ్యూరీలో అందరూ తెల్లవారే. క్రాఫర్డ్ దోషి అని తీర్పు వచ్చింది, కానీ ఉరి తప్పి యావజ్జీవ శిక్ష పడింది. అలాంటి కేసులో ఉరి తప్పడమే ఆ రోజుల్లో గెలుపు. ఈ కేసు పనిలో కళాశాల యువకులూ పాలుపంచుకున్నారు. చట్టాలు వెదకడం, పత్రాలు సిద్ధం చేయడం, వాదనలోని లోపాలను పట్టడం వారి చదువులో భాగమైంది. కళాశాల అంటే భవనమూ కాదు, పరీక్షల పట్టికా కాదు. ఒక అపరిచితుని ప్రాణం కోసం గురుశిష్యులు కలిసి రాత్రి దీపం ఆర్పకుండా కూర్చున్న చోటే కళాశాల.

తల్లి ఉంగరాలు

ఆ యువకులలో ఒకరు థర్‌గుడ్ మార్షల్. ఊరు బాల్టిమోర్. ఆయన ఇంటికి దగ్గరలోనే మేరీలాండ్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల ఉంది. నల్లజాతివారికి అందులో ప్రవేశం లేదు. అందుకని 1930లో హోవార్డ్‌లో చేరి, రోజూ తెల్లవారకముందే లేచి వాషింగ్టన్‌కు రైలెక్కేవారు. ఉపాధ్యాయురాలైన ఆయన తల్లి కుమారుని ఫీజు కోసం తన పెళ్లి ఉంగరాన్ని, నిశ్చితార్థపు ఉంగరాన్ని తాకట్టు పెట్టారు. నగలు కుదువబెట్టి బిడ్డల ఫీజులు కట్టిన తల్లులు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ తల్లి మనసు వారికి తెలియనిది కాదు.

మార్షల్ 1933లో తరగతిలో ప్రథముడిగా పట్టా పుచ్చుకున్నారు. రెండేళ్లు గడవకముందే గురుశిష్యులిద్దరూ కలిసి అదే మేరీలాండ్ కళాశాల మీద దావా నడిపారు. డొనాల్డ్ ముర్రే అనే నల్లజాతి పట్టభద్రునికి ప్రవేశం ఇవ్వవలసిందేనని 1935 జూన్‌లో న్యాయస్థానం ఆదేశించింది. 1936 జనవరిలో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం దాన్ని ఖరారు చేసింది. నేడు ఆ కళాశాల న్యాయ గ్రంథాలయం పేరు థర్‌గుడ్ మార్షల్ గ్రంథాలయం.

1935లో హ్యూస్టన్ కళాశాల విడిచి, నల్లజాతీయుల హక్కుల కోసం పనిచేసే జాతీయ సంఘానికి న్యాయ సలహాదారుగా వెళ్లారు. నల్లజాతివారికి హోటలు గది దొరకని దక్షిణాది రాష్ట్రాలలో కారు వేసుకొని తిరిగారు. అంతకు ముందే, 1934లో, దక్షిణ కరోలినాలోని నల్లజాతి పిల్లల బడులను స్వయంగా సినిమా కెమెరాతో చిత్రించారు. "సమానం" అన్న అబద్ధాన్ని మాటలతో ఖండించడం కన్నా కళ్లకు చూపడం మేలని ఆయన ఎరుగుదురు.

ఆయన వ్యూహం కూడా గమనించదగినది. ప్రాథమిక పాఠశాలలతో కాక, న్యాయ కళాశాలలతో దావాలు మొదలుపెట్టారు. కారణం తేలిక. తీర్పు చెప్పే న్యాయమూర్తులు స్వయంగా న్యాయ కళాశాలలో చదివినవారు. మంచి కళాశాలకూ నామమాత్రపు కళాశాలకూ ఎంత తేడా ఉంటుందో వారికి ఎవరూ వివరించనక్కర లేదు. మిస్సోరీ రాష్ట్రం లాయిడ్ గెయిన్స్ అనే యువకునికి తన న్యాయ కళాశాలలో చోటివ్వక, పొరుగు రాష్ట్రానికి వెళ్లి చదువుకో, ఫీజు మేమిస్తామన్నది. 1938 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చింది. తెల్ల విద్యార్థులకు తన గడ్డ మీద కల్పించిన చదువును నల్లజాతి విద్యార్థికీ అదే గడ్డ మీద కల్పించవలసిందేనన్నది. ఆ కేసు వాదించినది హ్యూస్టనే.

1950 ఏప్రిల్ 22న, 54 ఏళ్ల వయసులో, గుండె జబ్బుతో ఆయన కన్నుమూశారు. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బడులలో జాతి వివక్ష రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా ప్రకటించినప్పుడు చూడడానికి ఆయన లేరు. ఆ వాదనకు నాయకత్వం వహించినది మార్షల్. సుప్రీంకోర్టు మెట్లెక్కడానికి ముందు ఆ న్యాయవాదులు తమ వాదనను హోవార్డ్ కళాశాలలోనే అధ్యాపకుల, విద్యార్థుల ప్రశ్నల ముందు నిలిపి పరీక్షించుకున్నారు. 1967లో మార్షల్ ఆ న్యాయస్థానంలోనే తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. ఈ పోరాటానికి బాటలు వేసినది హ్యూస్టనేనని ఆయన చివరివరకు చెబుతూ వచ్చారు.

మన ముంగిట ఉన్న ప్రశ్న

హ్యూస్టన్ ఆ తలుపు మూయడం న్యాయమేనా అన్న ప్రశ్న ఇప్పటికీ మిగిలే ఉంది. మా అభిప్రాయం ఇది. ఇరుకైన తలుపు తనంతట తాను గొప్పది కాదు. లోపలికి వెళ్లినవారు బయట నిలిచిపోయినవారి ఋణం తీర్చినప్పుడే దానికి సమర్థన ఉంటుంది. హ్యూస్టన్ శిష్యులు ఆ ఋణం తీర్చారు. అందుకే ఆ కాఠిన్యం ఈనాడు గౌరవం పొందుతున్నది. తీర్చకపోయి ఉంటే, అది కేవలం పేదల కళాశాలను కొందరికి పరిమితం చేసిన చర్యగానే మిగిలేది.

ఈ గీటుకు మన చదువులను పెట్టి చూద్దాము. హ్యూస్టన్ హోవార్డ్‌ను వీడిన 1935వ సంవత్సరంలోనే మన దేశంలో డాక్టర్ అంబేడ్కర్ బొంబాయి ప్రభుత్వ న్యాయ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అణచివేతను స్వయంగా అనుభవించిన ఇద్దరు మేధావులు, రెండు ఖండాలలో, ఒకే కాలంలో న్యాయవిద్యకు పెద్ద దిక్కయ్యారు. ఆ వారసత్వం మనది కూడా. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దూరం కారాదని, ఉచిత న్యాయ సహాయం అందాలని మన రాజ్యాంగంలోని 39ఎ అధికరణం చెబుతున్నది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాల, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. భర్త వదిలేసిన ఆడబిడ్డ ఖర్చుకు జంకి భరణం దావా వేయలేకపోతున్నదంటే, ఈ మాట ఆమె చెవిన వేయవలసిన బాధ్యత మన అందరిదీ.

చట్టం తలుపు తెరచింది. లోపల కూర్చున్న న్యాయవాది ఎలాంటివాడన్నదే అసలు ప్రశ్న. ఉచిత సహాయపు కేసు వచ్చినప్పుడు అతడు ఫైలు తెరచి చదువుతాడా? ఫీజిచ్చే కక్షిదారుని కేసుకు ఎంత సిద్ధమవుతాడో దీనికీ అంతే సిద్ధమవుతాడా? లేక వాయిదా అడిగి బయటపడతాడా? ఆ జవాబు చట్టంలో దొరకదు. అతడు చదివిన కళాశాలలోనూ, పెరిగిన ఇంటిలోనూ దొరుకుతుంది.

కనుక ఈ ఏడు లాసెట్ రాయబోయే పిల్లలున్న తల్లిదండ్రులకు మా మనవి. కళాశాలను చూడబోయినప్పుడు ఫీజు, హాస్టలు, దూరం అడిగినట్టే మరో మూడు ప్రశ్నలు అడగండి. ఉచిత న్యాయ సహాయ కేంద్రాన్ని నడపాలని నిబంధనలు ప్రతి న్యాయ కళాశాలనూ ఆదేశిస్తున్నాయి. మీ కళాశాలలో అది నిజంగా పనిచేస్తున్నదా, తాళం వేసి ఉన్నదా? పోయిన నెల దాని గడప తొక్కినవారు ఎవరు? విద్యార్థులను కోర్టుకు, జైలుకు, బస్తీకి తీసుకువెళ్లే అధ్యాపకులు ఒక్కరైనా ఉన్నారా?

పిల్లలకు కూడా ఒక మాట. అధ్యాపకుడు కఠినుడని, హాజరుకు పట్టుబడతాడని, రాసినది మళ్లీ రాయిస్తాడని ఇంట్లో ఫిర్యాదు చేయకముందు ఒక్కసారి ఆలోచించండి. మీరు సరిగ్గా చదవని ఆ ఒక్క సెక్షను మీదే రేపు ఎవరి బెయిలో, ఎవరి ఇల్లో, ఎవరి బిడ్డ సంరక్షణో ఆధారపడి ఉండవచ్చు. ఆ మనిషి మీకు ఇంకా పరిచయం కాలేదు. అయినా అతని పని ఈరోజు మీ పుస్తకం దగ్గరే మొదలైంది.

ఇక ఇప్పటికే నల్లకోటు ధరించిన సోదర సోదరీమణులకు మేము కోరేది కొంచెమే. నెలకు ఒక్క ఉచిత కేసు స్వీకరించండి. దానిని మీ దగ్గరున్న అతి పెద్ద కేసంత శ్రద్ధగా నడపండి. మీ కార్యాలయంలో పనిచేసే జూనియర్‌ను ఆ రోజు వెంట తీసుకువెళ్లండి. హోవార్డ్ కళాశాలలో జరిగినది కూడా ఇంతే. ఒకరు శ్రద్ధగా చేశారు, పక్కన కూర్చున్న యువకుడు చూసి నేర్చుకున్నాడు.